జాతకాల వరసలో తత్వశాస్త్రం

కాలేజీలో తత్వశాస్త్ర విభాగాన్ని ఎత్తేశాక లెక్చరరమ్మ తన అక్క ఇంటి వెనకగదిలోకి చేరింది. ఏళ్ల తరబడి నీతిశాస్త్రం చెప్పిన మనిషి. ఇప్పుడు గంటకింతని పాఠాలూ సలహాలూ అమ్మే ఒక ఆన్‌లైన్ సైటులో పేరు నమోదు చేసుకుంది. అక్కడ వంటకీ, గిటారుకీ, లెక్కలకీ విడివిడిగా వరసలున్నాయి. తత్వశాస్త్రానికి లేదు. సైటువాళ్లు ఆమెను తీసుకెళ్లి జాతకాల పక్కన కూర్చోబెట్టారు.

"పోనీలేవే, బేరాలు కలిసొస్తాయేమో," అని నవ్వింది అక్క.

కలిసి రాలేదు. వచ్చినవాళ్లు పెళ్లెప్పుడవుతుందని అడిగేవారు. తెలియదనగానే కాల్ పెట్టేసేవారు. పక్కనున్న జాతకాలాయన రేటు పెంచుకుంటూ పోతుంటే, ఈమె తగ్గించుకుంటూ పోయింది.

ఒక మధ్యాహ్నం గంట మొత్తానికీ డబ్బు కట్టి ఒకాయన తెర మీదికొచ్చాడు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడట. వెనక ఆసుపత్రి వరండా, నేల తుడుస్తున్న మనిషి కనిపిస్తున్నారు.

"మేడం, మా నాన్న మెషీను మీద ఊపిరి తీసుకుంటున్నాడు. ఇక లేవడన్నారు డాక్టర్లు. తీసేద్దామని నేను, వద్దని చెల్లి. సాయంత్రంలోగా తేల్చమన్నారు. తీసేస్తే తప్పా, కాదా? ఒక్కమాటలో చెప్పండి."

ఈ ప్రశ్న మీద లెక్చరరమ్మ ఎన్ని జవాబు పత్రాలు దిద్దిందో! వాటిలో ఎవరి నాన్నా లేడు.

"మీ నాన్నగారు దీని గురించి ఎప్పుడైనా ఏమన్నా అన్నారా?"

"మంచాన పడితే అదేం బతుకనేవాడు."

"ఆరోగ్యంగా ఉన్నప్పుడా, జబ్బు పడ్డాకా?"

"ముందే." అతను తటపటాయించాడు. "పడ్డాక నేనడగలేదు."

"మీ చెల్లెలు అడిగారా?"

"ఇదేమన్నా కోర్టా? నేను డబ్బు కట్టింది జవాబుకి, ప్రశ్నలకి కాదు!"

గుమ్మంలో నిలబడ్డ అక్క, ఏదో ఒకటి చెప్పెయ్యమని చేతులు తిప్పుతోంది. 'తప్పు కాదు' అన్న మాట లెక్చరరమ్మ నాలుక చివరే ఉంది. అతనికి కావలసిందీ అదే.

"నేను ఏ మాట చెప్పినా, దాంతో మీ చెల్లెలి నోరు మూయిస్తారు. అందుకే చెప్పను. తీసెయ్యమంటున్నది ఆయన బాధ చూడలేకా, మీరు అలిసిపోయా? అలిసిపోతే సిగ్గుపడక్కర్లేదు. కానీ ఆ నిజం ఆవిడకి చెప్పండి. ఆయన ఆవిడతో ఏమన్నారో అడగండి."

"డబ్బు దండగ," అని అతను కాల్ కట్ చేశాడు.

కాసేపటికే ఆమె పేరు కింద ఒకే ఒక్క నక్షత్రం పడింది. 'అడిగినదానికి జవాబు చెప్పదు.' సైటు ఆమెను వరసలో అట్టడుగుకి నెట్టేసింది.

"ఒక్కమాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?" అంది అక్క. ఆ సాయంత్రం లెక్చరరమ్మకు అన్నం సహించలేదు.

కొన్నాళ్లకు ఒకావిడ ఆమె దగ్గర గంట సమయం కొనుక్కుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"డ్రైవింగ్ స్కూలాయన చెల్లెల్నండీ. అన్నయ్యకి మీ మీద కోపం ఇంకా పోలేదు. కానీ ఆ రోజు నా పక్కన కూలబడి, అలిసిపోయానే అన్నాడు. అప్పుడు నాకూ నోరు పెగిలింది. మెషీను పెట్టకముందు నాన్న నాతో, ఇక చాలమ్మా అన్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు నేను. ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని పంపించాం."

ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"ఆయన మాట దాచాను కదండీ. దాన్నేమనాలో తెలియట్లేదు. మీకు తొందర లేకపోతే..."

లెక్చరరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"లేదమ్మా. చెప్పండి, వింటాను."