లేత నీలం

నజీరుద్దీన్ పదో జెండాకు బొగ్గుల ఇస్త్రీ చేసి, మిగతా తొమ్మిదింటి మీద పెట్టాడు. అమీర్‌పేటలో ఆయన దుకాణం రెండు మంచాలంత. కుట్టుమిషన్‌కు ఎదురుగా ఒక స్టూలు ఉంది. నాలుగు నెలలుగా దాని మీద ఆయన ఎవరినీ కూర్చోనివ్వలేదు.

అది చనిపోయిన భార్య బతూల్‌ది. మిషన్ ఆయనది, అంచుల చేతికుట్టు ఆమెది. సూదిలో దారం ఎక్కించి ఆయన అందిస్తే, కొసన ముడి వేసుకోవడం ఆమె వంతు. ముప్పై ఏళ్లలో ఆయన ఒక్క ముడి వేసి ఎరగడు. ఇప్పటికీ సూది స్టూలు మీద పెట్టి, కాసేపు చూసి, మళ్లీ తానే తీసుకుని ముడి లేకుండానే కుడుతున్నాడు.

ఎర్రమంజిల్‌లోని ఎగుమతుల ఆఫీసు సూపరింటెండెంటు అచ్యుతరావు మధ్యాహ్నం వచ్చాడు. యూరప్ ఉమ్మడి మార్కెట్ దేశాలు పన్నెండింటితో రేపు పంజాగుట్ట హోటల్లో చర్చలు. బల్ల మీద పెట్టే జెండాలు కావాలి.

"మన సరుకు వాళ్ల రేవుల్లో దిగాలంటే రేపటి మాటలే ముఖ్యమండీ. మిగిలినవేంటి?"

"హాలెండు, లగ్జెంబర్గు. ఫికర్ జెయ్యకుండ్రి సార్, నాలుగింటికి రాండ్రి."

దొరలు రంగుల దగ్గర ఎందుకంత పిసినారులయ్యారో గానీ, రెండింటికీ అవే ఎరుపు, తెలుపు, నీలం. హాలెండు నీలం ముదురు, లగ్జెంబర్గుది లేత. నజీరుద్దీన్ కళ్లకు పొర కమ్మి ఏడాదైంది. దారం ఎక్కించడానికి వేళ్లు చాలుతాయి, నీలాలు మాత్రం బతూల్ చెప్పేది. తప్పు కుడితే ఒక దేశం తన జెండా లేకుండా బల్ల ముందు కూర్చుంటుంది. ఈ పని ఇక రాదు. పని లేకపోతే ఆ స్టూలు అక్కడ ఉంచడానికి సాకూ ఉండదు. ఆయన భయమంతా అదే.

రెండు నీలి గుడ్డలూ స్టూలు వైపు చాచాడు.

"బతూల్, జర జూడు. లేతది ఏది?"

కుడిచేతిలోని గుడ్డ కొసను ఎవరో మెల్లగా లాగినట్టయింది. ఫ్యాను గాలి అనుకుందామంటే పొద్దుటి నుంచీ కరెంటు లేదు. ఎడమచేతి గుడ్డతో హాలెండు కుట్టి ముగించి, కుడిచేతిది లగ్జెంబర్గుకు పెట్టాడు. ఒళ్లంతా చెమట పట్టింది, ఎడమ భుజం లాగుతోంది. ఒక్క అంచు మిగిలింది. సూదిలో దారం ఎక్కించి, అలవాటుగా స్టూలు మీద పెట్టి, మిషన్ మీద తల వాల్చాడు.

నాలుగింటికి అచ్యుతరావు పిలిచాడు. భుజం తట్టాడు. ఒళ్లు చల్లగా ఉంది. పక్క దుకాణం వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఏం చేయాలో తోచక అచ్యుతరావు చివరి రెండు జెండాలూ వెలుతురులోకి తీసుకెళ్లి, చేతిలోని రంగుల పటంతో సరిచూశాడు. రెండూ సరిగ్గానే ఉన్నాయి.

స్టూలు మీద సూది అలాగే ఉంది, లేత నీలం దారంతో, కొసన బిగించిన చిన్న ముడితో.