మూడో మలుపు దగ్గర పసుపు జెండా

మా వాళ్ళకు ఒక గుణం ఉంది. అర్థంకాని పనిని గట్టిగా మెచ్చుకుంటారు. మూడు నెలలుగా నన్ను మెచ్చుకుంటున్నారు. పెళ్ళిలో కనిపించినా, సూలూరులో నా లేత్ షాపుకు వచ్చినా అదే మాట. "మేనమామంటే గోవిందరాజ్ మాదిరి ఉండల్ల. బండ్లు వస్తా ఉంటే ప్రాణం లెక్కచెయ్యకుండా పరిగెత్తినాడు" అంటారు. విన్న ప్రతిసారీ వాళ్ళ నోరు నొక్కేయాలనిపిస్తుంది. పరిగెత్తడమే నేను చేసిన పాపమని వీళ్ళకు ఎట్లా చెప్పను?

మోటారుసైకిల్ పందెంలో జెండా పట్టుకున్నవాడికి ఒకటే పని, నిలబడటం. ఎవరైనా పడితే వెనక వచ్చేవాళ్ళకు పసుపు జెండా ఊపాలి. అది చూసినవాడు వేగం తగ్గించాలి, ముందువాణ్ణి దాటకూడదు. పడినవాడి దగ్గరికి పోవడానికి ఇంకో మనిషి ఉంటాడు. అతను కూడా జెండా లేచాకే ట్రాక్‌లో అడుగుపెట్టాలి. వచ్చే బళ్ళకు వీపు చూపించకూడదు. పద్దెనిమిదేళ్ళుగా కొత్తవాళ్ళకు ఈ పాఠం చెప్పింది నేనే. "పడినోడు మీ నాయనైనా సరే, కాలు కదిలిందా, విరగ్గొడతా" అని బెదిరించేవాణ్ణి కూడా.

ఇంకో నియమం ఉంది. సొంత మనిషి బండి తోలే పందెంలో జెండా పట్టకూడదు. దాన్ని మా అక్క పరమేశ్వరి కోసం తప్పాను. బావ పోయాక అక్కకు మిగిలింది ఒక్క కొడుకు, విగ్నేశ్. ఇరవయ్యారేళ్ళవాడు, వారమంతా మిల్లులో ఎలక్ట్రీషియన్, సెలవు దొరికితే పందెం. వద్దంటే వినడు. చివరికి అక్క నా మీద పడింది.

"వాణ్ణి నీ ఒళ్ళో కూచోబెట్టే గదరా చెవులు కుట్టిస్తిమి? ఈడ మాత్రం పరాయోడు నిలబడల్లనా? నువ్వు ఉండావంటే నేను ఇంట్లో నిమ్మదిగా ఉంటా."

మాలో మేనమామకు ఆ మాట అన్నాక ఇక తిరుగులేదు. అన్నూరు అవతల ఉన్న ఆ చిన్న ట్రాక్‌లో అన్నిటికంటే ప్రమాదం మూడో మలుపు. మట్టిగట్టు అడ్డం కాబట్టి మలుపు తిరిగేదాకా ముందేముందో కనిపించదు. ఆ మలుపు నాకివ్వమని క్లబ్ కార్యదర్శి ధర్మరాజను అడిగాను.

"ఆ విగ్నేశ్ మీకు ఏమైనా కావల్లనా, అన్నా?" అన్నాడు ఆయన.

"దూరపు చుట్టం" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. మనుషులు చాలడం లేదంటే నా పక్కన ఉండాల్సినతన్ని కూడా వేరే మలుపుకు పంపేశాను. నేనొక్కణ్ణే చాలనుకున్నాను. అంత పొగరు.

ఐదో చుట్టులో విగ్నేశ్ బండి ముందు చక్రం జారింది. బండి గడ్డిలోకి పోయింది, వాడు జారుకుంటూ ట్రాక్ మధ్యలో ఆగాడు. మోచేతి మీద లేవబోయాడు. దెబ్బ పెద్దది కాదు. అట్లాంటి పడటాలు వందల్లో చూశాను. జెండా ఊపి ఉంటే వాడే లేచి, దుమ్ము దులుపుకుని, నన్ను చూసి నవ్వి ఉండేవాడు.

నేను పరిగెత్తాను. జెండా నా చేతిలోనే ఉంది, కర్రకు చుట్టుకుని. దాన్ని విప్పాలని కూడా తోచలేదు. పద్దెనిమిదేళ్ళ పాఠం ఎక్కడికి పోయిందో పోయింది. వెనక నుంచి శరవణ వచ్చాడు. అతనిది మేట్టుపాళయం, బళ్ళు బాగుచేసే మెకానిక్. పద్ధతిగా తోలేవాడు. మలుపు తిరిగేసరికి ఎదురుగా నా వీపు. నన్ను తప్పించబోయి విగ్నేశ్‌ను గుద్దాడు.

అప్పుడు ఊపాను జెండా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ట్రాక్ మీద నిలబడి, భుజాలు పడిపోయేలా ఊపాను. తర్వాత వచ్చిన ఆరుగురూ దాన్ని చూసి ఆగారు. జెండా ఊపుతున్నారని ఆరుగురూ క్లబ్‌కు రాసిచ్చారు. శరవణ ఒక్కడే లేదన్నాడు. ముందు ఒక మనిషి అడ్డం వచ్చాడన్నాడు. గుద్దినవాడు ఏమైనా చెప్తాడులే అనుకున్నారు జనం. శరవణ గుద్దిన తర్వాతే నేను పరిగెత్తానని అందరి నమ్మకం. ఆ మలుపులో కెమెరా లేదు. జరిగింది చూసిన కళ్ళు నావే అనుకున్నాను.

విగ్నేశ్‌కు వెన్నెముక దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు, రాదు అన్నారు డాక్టర్లు. శరవణను విచారణ అయ్యేదాకా పందేల్లోకి రావద్దన్నారు. వచ్చే ఏడాదికి చెన్నైలో ఒక జట్టు అతన్ని తీసుకుంది. తప్పు అతనిదే అని తేలితే ఆ జట్టు ఉండదు, ఇంకే జట్టూ ఉండదు.

నేను మరీ అంత నీచుణ్ణి కాదనుకున్నాను. జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసుకుని ధర్మరాజ దగ్గరికి వెళ్ళాను. జేబులోంచి తీసేలోపే ఆయన ఇంకో కాగితం నా ముందు పెట్టాడు.

"మీ విగ్నేశ్ పంపించినాడు అన్నా. ఇంక విచారణలో పెద్దగా ఏమీ లేదు."

విగ్నేశ్ చేతిరాతే. తాను పడిన వెంటనే తల తిప్పి చూశాననీ, మార్షల్, అంటే జెండా పట్టిన నేను, నా చోటులో నిలబడి పసుపు జెండా ఊపుతున్నాడనీ, శరవణ దాన్ని లెక్కచెయ్యకుండా వచ్చాడనీ ఉంది. రెండుసార్లు చదివాను. నా కాగితం జేబులోనే ఉండిపోయింది.

నేరుగా అక్క ఇంటికి వెళ్ళాను. అక్క వంటింట్లో ఉంది. విగ్నేశ్ మంచం పక్కన కూర్చుని మెల్లగా అడిగాను.

"నువ్వు ఏమి చూస్తివిరా నిజంగా?"

"నిన్నే చూస్తిని మామా. జెండా సుట్టుకోని ఉండె నీ చేతిలో. వెనక్కి పో మామా అని అరిస్తిని. నీకు వినపళ్ళేదు."

"మరి ఎందుకు అట్ల రాసిస్తివి?"

"అమ్మకు తెలిస్తే నిన్ను ఈ గడప తొక్కనిస్తదా? నన్నెవరు ఎత్తల్ల? అమ్మకు మోకాళ్ళు. ఆమె లేచేదే కష్టం."

వాడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కాళ్ళ మీద పడి ఏడ్చేవాణ్ణి. రోజూ పొద్దున నేను పోయి ఎత్తి బాత్‌రూముకు తీసుకుపోతేనే వాడికి తెల్లవారుతుంది. వాడు లెక్క చూసుకున్నాడు, అంతే.

"శరవణ పాపం గదరా" అన్నాను.

"వాడు నడస్తా ఉండాడు గదా మామా."

వంటింట్లోంచి అక్క వచ్చి నాకు కాఫీ ఇచ్చింది. "నా తమ్ముడు లేకుంటే వీడు ఆ పొద్దే పోయుండు" అంది, పక్కింటావిడతో చెప్పినట్టు, నా మొహం మీదే. కాఫీ తాగాను.

రెండు వారాలు గడిచాయి. విచారణ సోమవారం. చెప్తే విగ్నేశ్‌కు నేను లేకుండా పోతాను, చెప్పకపోతే శరవణ పోతాడు. రోజూ వాణ్ణి ఎత్తేటప్పుడు వాడి చేతులు నా మెడ చుట్టూ పడతాయి. అప్పుడు చెప్పకూడదనిపిస్తుంది. షాపులో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాలనిపిస్తుంది. ఆ కాగితం జేబులో మడతల దగ్గర చిరుగుతోంది. ఆదివారం పొద్దున మాత్రం తెగించాను. రేపు పోయి ఇచ్చేస్తాను, ఆ తర్వాత అక్క చెప్పుతో కొట్టినా సరే అనుకున్నాను.

అదే పొద్దున విగ్నేశ్‌ను చక్రాల కుర్చీలో కూర్చోబెడుతుంటే శరవణ వచ్చాడు. చేతిలో పళ్ళ సంచీ. బాగా చిక్కిపోయాడు. అక్క అతన్ని చూసి లోపలికి పోయి తలుపు దడాలున వేసుకుంది. అతను వసారాలోనే నిలబడ్డాడు. అతనిది తమిళం. చెప్పింది ఇది:

"అన్నా, మొదట్లో జెండా లేదన్నాను. నేను చూడలేదు కాబట్టి లేదనుకున్నాను. కానీ ఆరుగురు చూశారు. విగ్నేశ్ చూశాడు. ఇంతమంది అబద్ధం చెప్పరు కదా. మా అమ్మ కూడా అదే అంది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకూ కనిపిస్తోందన్నా, మీరు అక్కడ నిలబడి ఊపుతున్నారు. నేనే చూసుకోలేదు. రేపు తప్పు నాదేనని రాసిచ్చి వచ్చేస్తాను. ఇంక బండి ఎక్కను."

విగ్నేశ్ ముందు చేతులు జోడించాడు. తర్వాత వంగి నా కాళ్ళు పట్టుకున్నాడు. "మన్నిచ్చుక్కోంగణ్ణా" అంటూ ఏడ్చాడు. క్షమించమని నన్ను అడుగుతున్నాడు, నన్ను.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నోరు తెరిచాను కూడా. విగ్నేశ్ చెయ్యి నా చొక్కా కొస పట్టుకుని ఉంది. తలుపు వెనక అక్క వింటోంది.

శరవణ భుజాలు పట్టి లేపాను.

"పోనీలే తంబీ. ఇంక మీదట జెండా చూసి తోలు" అన్నాను.

"సరింగణ్ణా" అన్నాడు. కళ్ళు తుడుచుకుని, పళ్ళ సంచీ గోడవారగా పెట్టి, నాకు ఇంకోసారి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.