హరీష్ ఎడమ చెయ్యి

హరీష్ పోయి ఏడాదైంది. ఏడాదిగా అతని భార్య త్రివేణి, అత్త నోట ఒకటే మాట వింటోంది. "పొద్దుగాల్నే లొల్లి పెట్టుకున్నవ్. గందుకే వాని గుండె ఆగింది." గొడవ జరిగిన మాట నిజమే. మ్యాచ్ మానుకుని ఇంట్లోకి బియ్యం తెమ్మంది, అంతే. అత్త ఉప్పలమ్మ మాత్రం ఆ ముక్కను ఉప్పల్‌లో గడపగడపకూ మోసింది. చివరికి మొగుణ్ణి తానే చంపుకున్నానేమోనని త్రివేణికీ అనిపించసాగింది.

నాచారం గ్రౌండ్‌లో బేస్‌బాల్ జట్టువాళ్లు సంస్మరణ మ్యాచ్ పెట్టి, అత్తాకోడళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఫ్లెక్సీలో హరీష్ కంటే లీడర్ల మొహాలే పెద్దవి. కెప్టెన్ ధర్మేందర్ మైకు దొరికితే వదిలే రకం కాదు.

"హరీషన్న మా రిలీఫ్ పిచ్చర్. మొదలు బంతులేసేటోడు అలిసిపోతే, అన్న దిగి మ్యాచ్ గట్టెక్కించేటోడు. ఆఖరి రోజు గూడ చెయ్యి గుంజుతుందిరా, చెమటలు పడుతున్నయ్ అన్నడు. పిచ్చర్లకు చెయ్యి నొప్పి మామూలే గదా! గీ స్ప్రే కొట్టి దింపినం. గెలిపించినంకనే పడిపోయిండు. గదీ దమ్మంటే!"

ఆ నొప్పి మందు డబ్బాను అందరికీ చూపించి, దండ వేసిన ఫొటో ముందు భక్తిగా పెట్టాడు. చప్పట్లు మోగాయి. ఉప్పలమ్మ కూడా మురిసిపోతూ కొట్టింది.

త్రివేణి లేచింది. "ఏ చెయ్యి గుంజుతుందన్నడు?"

"ఎడమ చెయ్యి, వదినా."

"ఆయన బంతి ఏసేది కుడిచేత్తోని గదా?"

ధర్మేందర్ మైకు కింద పెట్టాడు. జట్టంతా తలలు దించుకుని బూట్లు చూసుకుంది.

"ఎడమ చెయ్యి గుంజి చెమటలు పడితే దవాఖానకు తోల్కపోవాలని ఒక్కనికి గూడ తెల్వదా?"

ఉప్పలమ్మకు అప్పుడు అర్థమైంది. "అయ్యో కొడకా! నా గుండె పగుల్తున్నదే!" అని రొమ్ము బాదుకుంది. ఇప్పటికైనా నీ తప్పు లేదు బిడ్డా అంటుందేమోనని త్రివేణి ఆశగా చూసింది.

"పొద్దుగాల నువ్వు నవ్వుకుంట సాగనంపితే, వాడు నొప్పని ఇంటికన్న వస్తుండె గదనే!" అంది ఉప్పలమ్మ.

త్రివేణికి ఏడుపు రాలేదు. ఒళ్లంతా కసి పుట్టింది. ఫొటో ముందున్న డబ్బా తీసుకుని గట్టిగా ఊపింది.

"ఏడ నొప్పి, అత్తమ్మా?" అంది.