ఉత్తుత్తి గంట

రాసిన కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చే కంపైలర్‌కి మొహమాటం తెలీదు. బ్రాండన్‌లోని మా ఆఫీసులో ఆ రోజు పొద్దుటి నుంచీ నాతో పనిచేసే రాక్సాన్ రాసిందల్లా తిప్పికొడుతూనే ఉంది. జనం స్కేటింగ్ చేసే ఐస్ రింకులో నీళ్లు గడ్డకట్టించే అమ్మోనియా లీకైతే గంట మోగించే ప్రోగ్రాం మాది. లీకు పసిగట్టే కోడ్ భాగం, సెన్సర్ ప్యాకేజీ, గంట మోగించే ప్యాకేజీని పిలుస్తుంది. ఎంత లీకైందో తెలుసుకోడానికి గంట మళ్లీ సెన్సర్‌నే పిలుస్తుంది. ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని తిరిగితే మేం వాడే భాషలో ప్రోగ్రామే తయారవదు.

"రెండూ కలిపి ఒకే మూట కట్టేస్తా, పీడా పోతుంది," అంది రాక్సాన్.

"ఆ మూట రేపు మోసేది నువ్వే తల్లీ! మోగేది ఏదైతే సెన్సర్‌కెందుకు? 'మోగగలిగితే చాలు' అన్న షరతుతో ఒక ఇంటర్‌ఫేస్ సెన్సర్ దగ్గరే రాసుకో. అసలు గంటని ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్‌లోంచి అందించు," అన్నాను.

రాసింది. ముడి విడిపోయింది. టెస్టులన్నీ పాసై పచ్చగా వచ్చాయి. నేనూ చూసి సరేనన్నాను. గ్యాసు వదిలి చూడటం తర్వాత అనుకుని రింకులో పెట్టేశాం. అక్కడ యంత్రాల గది చూసుకునేది ఆమె మొగుడు డెల్బర్ట్.

నిన్న మధ్యాహ్నం అతను ఫోన్ చేశాడు. స్పీకర్లో ఒకటే దగ్గు.

"రాక్సీ, అమ్మోనియా లీకైంది. ఇప్పుడే అందరం బయటికొచ్చేశాం. మీ గంటేంటి, నిద్రపోతోందా?"

రాక్సాన్ గబగబా కోడ్ తెరిచింది. టెస్టుల కోసం తను ఒక ఉత్తుత్తి గంట రాసుకుంది. మోగమంటే సరేనంటుంది, ఏమీ చెయ్యదు. ఎవరూ గంట అందించకపోతే దాన్నే వాడుకోమని సెన్సర్‌కి చెప్పి, మెయిన్‌లో అసలు గంటని అందించడం మరిచిపోయింది. ఇంటర్‌ఫేస్‌కి ఏ గంటైనా ఒకటే. అంత సతాయించిన కంపైలర్ దీనికి కిక్కురుమనలేదు.

"ఈ ఉత్తుత్తి గంటని పీకేస్తున్నా," అంది రాక్సాన్. "గంట అందకపోతే ప్రోగ్రాం మొదలవనే కూడదు."

ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు. "నీకు వాసన ఎప్పుడు తగిలింది?" అని మొగుణ్ణి అడిగింది.

"చాలాసేపైంది."

"మరి అప్పుడే బయటికి రాకుండా లోపలేం చేశావయ్యా?"

డెల్బర్ట్ దగ్గు ఆపుకున్నాడు. "ప్రమాదమైతే గంట మోగేది కదా అనుకున్నా. రాసింది నువ్వాయె."