తలుపు తీయని డాక్టరు

"ఈ డాట్రు బతకడే గౌరీ. నాను సెప్తన్నాను సూడు."

తెర మీద ఇంకా పేర్లే పడుతున్నాయి. డాక్టరు మొహమైనా కనబడలేదు. పక్క సీట్లో కూతురు గౌరీశ్వరి నవ్వింది. "ఇంకా రానోడికి అప్పుడే సావు రాసేత్తన్నావేటమ్మా?"

దేముడమ్మ అంతే. మబ్బు పట్టకముందే ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చేస్తుంది. యూనివర్సిటీ నుంచి కూతురొచ్చే బస్సు కాస్త ఆలస్యమైతే ఏ లారీ గుద్దేసిందోనని గుమ్మంలో నిలబడిపోతుంది. ఆదివారం మ్యాట్నీకి ఈ ఇంగ్లీషు దెయ్యాల సినిమాకి రావడం కూడా, పిల్ల ఒక్కతీ వెళ్తే జడుసుకుంటుందనే.

మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. గౌరీశ్వరే చెవిలో చెబుతూ వచ్చింది. ఆ డాక్టరు పుళ్లు మానే మందు కనిపెట్టాడు. రోగులకు రాయడానికి మనసొప్పక ముందు తన చేతికే రాసుకున్నాడు. చేతి మీద చేప పొలుసులు లేచాయి. అప్పుడైనా ఎవరికైనా చెప్పుకోవచ్చు. చెప్పలేదు. గదికి గడియ పెట్టుకుని ఇంకాస్త రాసుకున్నాడు. పెళ్లాం అన్నం పళ్లెంతో వచ్చి తలుపు కొట్టింది. లోపల్నించి పలుకు లేదు. ఆఖరికి ఒళ్లంతా పొలుసులై, సముద్రంలోకి నడిచిపోయాడు.

బయటికొచ్చాక దేముడమ్మ కళ్లు తుడుచుకుంది. "మంచోడేనే పాపం. పరాయోళ్ల మీద పెట్టకుండా తన మీదే పెట్టుకున్నాడు. పెళ్లాం పిలిత్తే పలకలేదు సూడు, అక్కడ సెడిపోనాడు."

గౌరీశ్వరి జాకెట్టు ఎడమ చెయ్యి మణికట్టు దాకా లాక్కుంది.

మే నెల. వెన్న పెడితే కరిగిపోయే ఎండ. ఇంత ఎండలో నిండు చేతుల జాకెట్టు ఎందుకో దేముడమ్మకి బస్సులో తట్టింది. హార్బరు దగ్గర షెడ్డులో ఐసునీళ్లలో రొయ్యలు ఒలిచీ ఒలిచీ ఆవిడ వేళ్లు పుళ్లు పడ్డాయి. ఆ పుళ్లకే కూతురు యూనివర్సిటీ ల్యాబులో మందు తయారుచేస్తోంది. ఎప్పుడడిగినా "ఇంకా అవలేదు" అంటోంది.

ఇంటికి రాగానే స్టవ్వు మీద పాలు పెట్టి, కూతురి ఎదురుగా కూర్చుని రెండు చేతులూ చాపింది.

"మా సెడ్డులో పొద్దున్నే సేతులు సూపించకపోతే గంప కాడ కూకోనివ్వరు. నాను సూపించాను. ఇప్పుడు నువ్వు."

"నీ పుళ్లు నువ్వు ఆర్నెల్లు నాకు సెప్పకుండా పసుపు రాసి దాసలేదేటి?"

"దాసాను. అందుకే ముదిరిపోనాయి. నీ మందు నాకు రాయి, సెడిపోయిన సేతులే కదా. కాదంటే నీకే రాసుకో. గడియ మాత్రం పెట్టుకోకమ్మీ."

గౌరీశ్వరి తల వంచుకుంది. పాలు పొంగి స్టవ్వు మీద పడ్డాయి. మరో రోజైతే పొంగిన పాలు మంటలో పడితే అపశకునమని దేముడమ్మ ఇల్లెగిరిపోయేలా గోల పెట్టేది. ఇవాళ లేవలేదు. చాపిన చేతులు తీయలేదు. గిన్నెలో పాలన్నీ ఇంకి, మాడు వాసన ఇల్లంతా కమ్మింది.

"మండుతందమ్మా," అంది గౌరీశ్వరి, జాకెట్టు పైకి లాగి ఎడమ చెయ్యి తల్లి చేతుల్లో పెట్టి. "బుధవారం రాసుకున్న కాణ్ణుంచి. రేపు మా ల్యాబు మేస్టారికి సూపిత్తాను. నువ్వూ రా."