ఆడవాళ్ల వార్డు ఆయమ్మ

హనుమంతమ్మ నేల తుడుస్తూ వచ్చి ఆరో మంచం దగ్గర ఆగింది. మంచం కింద ఎవరో పడేసిన అరటితొక్క తీసి బక్కెట్లో వేసి, నడుము మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా నిటారైంది. నీలం కోటు భుజాల దగ్గర వెలిసిపోయింది. పంతొమ్మిదేళ్లుగా ఇదే ఆసుపత్రి, ఇదే వార్డు. ఈ రోజుతో అరవై నిండుతాయని, రేపటినుంచి రావద్దని కాంట్రాక్టు సూపర్‌వైజర్ తిప్పయ్య వారం కిందటే చెప్పాడు. ఆమె సరేనంది. రోజూలాగే పొద్దున ఆరింటికి వచ్చి ట్యాంకరు నీళ్లు పట్టుకుంది.

ఆరో మంచం మీద రామాంజినమ్మ. కంబదూరు దగ్గరి పల్లె, డెబ్బై ఎనిమిదేళ్లు. జ్వరంతో చేరి నాలుగు రోజులు. చేరిన రోజు సెలైన్ సూది పట్టుకుని తంటాలు పడుతున్న నర్సు సారాతో, "యాభై ఏండ్లు శెనిక్కాయ పీకిన చెయ్యి పాపా ఇది. దీంట్లో నరం దొరకదు, ఆ చెయ్యి చూడు," అని నవ్వించింది. నిన్నటినుంచి మతి లేదు. "మేకలు చేన్లో పడినాయి, తోలండి" అని కేకలు, లేదంటే పైకప్పు చూస్తూ గొణుగుడు.

"వయసైపోయిందంట. ఇంటికి తీస్కపోమంటాండారు," అన్నాడు గోడకానుకుని కూర్చున్న కొడుకు వీరేష్. "మధ్యాన్నం బస్సుకు పోతాం."

దుప్పటి మార్చబోయి హనుమంతమ్మ చేత్తో తడిమి చూసింది. పొడిగా ఉంది. మంచం కింది బెడ్‌పాన్ కూడా నిన్న మధ్యాహ్నంనుంచి ఖాళీయే.

"అవ్వా, ఒంటికి పోయినావా?" వంగి చెవిలో అడిగింది.

ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని తన పొట్ట మీదికి లాక్కుంది. బొడ్డు కింద చెంబు బోర్లించినట్టు గట్టిగా ఉబ్బి ఉంది.

పదింటికి డాక్టర్ ఆశ్రిత వచ్చింది. ఉద్యోగంలో చేరి మూడు నెలలే. నిద్ర చాలని కళ్లు. ఆరో మంచం దగ్గర నిలబడే డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టబోయింది.

"మేడం, ఈయమ్మకు నిన్నట్నుంచి ఒంటికి రాలేదు."

"సిస్టర్ చూసుకుంటారులే ఆయమ్మా. డెబ్బై ఎనిమిది కదా, ఈ వయసులో మతి తప్పడం మామూలే."

హనుమంతమ్మ కదల్లేదు. ఇన్నేళ్లలో ఏ డాక్టరుకూ ఎదురు చెప్పింది లేదు. 

"మొన్న బాగా మాట్లాడింది మేడం. రెండు దినాల్లోనే అంత వయసు యాన్నుంచి వస్తాది? పొట్ట ఒక్కసారి చూడండి."

డాక్టరు పక్కనున్న సారా తల దించుకుంది. ఆశ్రిత ముఖం ఎర్రబడింది. పెన్ను జేబులో పెట్టుకుని, వంగి, ముసలామె పొట్ట నొక్కింది. వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

మూత్రం పోయేందుకు గొట్టం వేయగానే సంచి నిండసాగింది. "మూత్రం ఆగిపోయి మతి తప్పింది, వయసుతో కాదు," అని సారాతో చెప్పి, ఆశ్రిత పరీక్షలు రాసి, డిశ్చార్జి కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

సాయంత్రం నాలుగింటికి రామాంజినమ్మ కళ్లు తెరిచి కొడుకు వంక చూసింది.

"ఏమప్పా, గడ్డం పెంచినావు? నేను సచ్చిపోయినానా ఏమి?"

వీరేష్ నవ్వబోయి ఏడ్చేశాడు.

ఆశ్రిత స్టూలు లాక్కుని కూర్చుంది. నాలుగు రోజులుగా కొడుకును అడిగిన ప్రశ్నలన్నీ ఈసారి తల్లినే అడిగింది. జవాబు వచ్చేదాకా ఆగింది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర హనుమంతమ్మను పిలిచింది.

"ఆయమ్మా, రేపు రౌండ్స్‌లో నా పక్కనుండు. ఎనిమిదో మంచం పెద్దామె కూడా ఏం అడిగినా పలకడం లేదు."

"రేపు నేను రాను మేడం. అరవై నిండినాయి."

ఆశ్రిత ఎనిమిదో మంచం వైపు చూసింది.

"ఆ పెద్దామెకు మతి బాగుండాది," అంది హనుమంతమ్మ. "కుడి చెవి వినపడదు, అంతే. ఎడమపక్క నిలబడి అడగండి." బక్కెట్ తీసుకుని కుళాయి వైపు వెళ్లిపోయింది.

మర్నాడు ఆశ్రిత వచ్చేసరికి రామాంజినమ్మ దిండుకానుకుని కూర్చుని ఉంది. నాలుగు రోజుల చిక్కు పోయి, జుట్టు నున్నగా ముడివేసి ఉంది.

"ఎవరవ్వా ఇంత బాగా దువ్వింది?"

"ఆయమ్మే. పోతా పోతా కూసోబెట్టి తన దువ్వెనతో దువ్వింది."

ఆశ్రిత ఎనిమిదో మంచానికి ఎడమపక్కగా వెళ్లి వంగింది.

ఆరో మంచం పక్క కిటికీ గట్టు మీద పసుపుపచ్చ ప్లాస్టిక్ దువ్వెన ఉంది. రెండు పళ్లు విరిగాయి. మిగిలినవాటిలో చిక్కుకున్న ఒక పొడవాటి తెల్ల వెంట్రుక ఫ్యాను గాలికి కదులుతోంది.