టిక్కుకో బిస్కెట్

మా అబ్బాయి బడిలో డ్రిల్లు మాస్టారు. వాడు ఒక్క కేక వేస్తే మూడు వందల మంది పిల్లలు ఒకేసారి ఎడమకాలు ఎత్తుతారు. ఇంట్లో కుక్క మాత్రం ఆ కేకకు చెవి కూడా ఎత్తదు.

ఆ కుక్క కోడలికి దొరికింది. కోడలు కళ్లద్దాల కొట్లో కొలతలు చూస్తుంది. ఒకరోజు పొద్దున కొట్టు షట్టరు ఎత్తబోతే కింద గుప్పెడంత పిల్ల వణుకుతూ కనిపించిందట, అన్నం సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది. ముడుచుకుని పడుకుంటే అచ్చం దిండులా ఉందని దిండు అని పిలిచాను, అదే పేరైపోయింది. సీసాతో పాలు పట్టి పెంచింది కోడలైనా, అది వచ్చి పడుకునేది నా పాదాల మీదే. నావి వాపు పాదాలు. డాక్టరు మాత్రలు చేయలేని పని దాని పొట్ట వెచ్చదనం చేసింది. అది లేకపోతే నాకు ఎలాగుంటుందో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

దానికి బుద్ధులు నేర్పే దగ్గర ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. కుక్కకైనా మనిషికైనా మాటతోనే చెప్పాలని అబ్బాయి పంతం. కోడలు కుక్కల మాస్టారి దగ్గర నాలుగు ఆదివారాలు క్లాసులకు వెళ్లి, బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీ ఒకటి తెచ్చింది. నొక్కితే టిక్ మంటుంది. కుక్క మంచి పని చేసిన ఆ క్షణాన్నే నొక్కాలి, నొక్కాక గోరంత బిస్కెట్ ముక్క పెట్టాలి. టిక్ అంటే ఇప్పుడు నువ్వు చేసిందే సరైనది అని అర్థమట. నొక్కాక ముక్క పెట్టకపోతే ఆ డబ్బీ మాటకు ఇక విలువుండదట. అదొక్కటీ నాకు బాగా పట్టింది. నోరులేని దానికి ఆశపెట్టి ఎగ్గొట్టడం ఏం మర్యాద?

అందుకని నేను ఖచ్చితంగా ఉన్నాను. పగలంతా ఇంట్లో ఉండేది నేనూ అదే. పొయ్యి వెలిగించే లైటరు టిక్ మంటే దిండు నావైపు చూసేది, పెట్టేదాన్ని. గొడుగు మీట, ఫ్యాను స్విచ్చి, దేనికైనా పెట్టేదాన్ని. ఆఖరికి కుర్చీలోంచి లేస్తుంటే నా మోకాలు టిక్ మన్నా పెట్టేదాన్ని. చప్పుడు ఏ వస్తువుదైతే దానికేం, వినేది ఒకే చెవి కదా. మూడు నెలలయ్యేసరికి దిండు కాస్తా పరుపైంది.

అంతలో ఒక గొడవ మొదలైంది. మాది నాలుగో అంతస్తు. ఐదో అంతస్తులో ఉండేది మా బిల్డింగు సెక్రెటరీగారు. ఎవరినీ ఏమీ అనని కుక్క, లిఫ్టులో ఆయన్ను చూస్తే చాలు, పైకప్పు లేచిపోయేలా మొరిగేది. ఆయన పదిరోజుల గడువుతో కాగితం అంటించారు. ఆదివారం పది గంటలకు కమిటీ ఎదుట కుక్క నాలుగో అంతస్తు నుంచి కిందికి మొరగకుండా దిగాలి, లేదా బిల్డింగు వదిలి వెళ్లాలి.

ఆ పదిరోజులూ ఇల్లు ఇల్లులా లేదు. ఈ గదిలో అబ్బాయి కేకలు, ఆ గదిలో కోడలి టిక్కులు. మీ అబ్బాయి అరుపులకు కుక్క చెవుడొచ్చినట్టు నటిస్తోందని కోడలు నాతో అంది. డబ్బీ పోయినరోజున మీ కోడలు కుక్కతో మూగసైగలు చేసుకోవాలని వాడు నాతో అన్నాడు. నేను ఇద్దరికీ తలూపాను.

ఆదివారం లిఫ్టులో ఐదుగురం, దిండు. సెక్రెటరీగారు రిజిస్టరు పట్టుకుని ఒక మూల, కమిటీ ట్రెజరరుగారు ఇంకో మూల. తలుపు మూసుకుంది. సెక్రెటరీగారు ఏం రాయాలా అని ఆలోచిస్తూ పెన్ను మీట నొక్కారు. దిండు లేచి భౌ మంది.

"కూర్చో" అన్నాడు అబ్బాయి, బడి మైదానం గొంతుతో.

ట్రెజరరుగారు కూర్చున్నారు, లిఫ్టులో, నేల మీద, బాసింపట్టు వేసుకుని. దిండు నిలబడే మొరిగింది. సెక్రెటరీగారు మళ్లీ నొక్కారు, అది మళ్లీ మొరిగింది. నా చెయ్యి దానంతటదే బిస్కెట్ల సంచిలోకి వెళ్లి ముక్క తీసి పెట్టింది.

కోడలు నావైపు తిరిగింది. "అత్తయ్యా, ఇప్పుడెందుకు పెట్టారు?"

"టిక్ మందిగా అమ్మాయ్."

"ఎవరు?"

"సెక్రెటరీగారి పెన్ను. రోజూ పదకొండింటికి ఆయన నీళ్ల మోటారు చూడ్డానికి దిగుతారు, నేను దీన్ని కిందికి తిప్పడానికి తీసుకెళ్తాను. దారంతా ఆయన నొక్కుతూనే ఉంటారు. నేను పెడుతూనే ఉంటాను."

కోడలు రెండు చేతులతో తల పట్టుకుంది. తర్వాత విడమరచి చెప్పింది. మొదటిరోజు ఎందుకో ఒకసారి మొరిగి ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఆయన నొక్కారు, నేను పెట్టాను. ఈయన్ను చూసి మొరగడమే తన ఉద్యోగం అనుకుంది కుక్క. మూడు నెలలుగా ఆయనే నేర్పుతున్నారు, నేను జీతమిస్తున్నాను.

"అంటే దీనికి మాస్టార్ని నేనా?" అన్నారు సెక్రెటరీగారు. కోపంగా అనాల్సిన మాటే. కానీ గొంతులో ఏదో ఆశ వినిపించింది నాకు. తొమ్మిదేళ్లుగా మీటింగుల్లో ఆ మనిషి మాట ఒక్కరూ విన్నది లేదు పాపం.

లిఫ్టు కిందికి చేరింది. కోడలు ఇంకొక్కసారి అని అడిగింది. ఈసారి కుక్క నోరు మూసిన క్షణంలోనే నొక్కాలని ఆయనకు చెప్పింది. పైకి వెళ్లాం. ఆయన తొందరపడి, అది మొరుగుతుండగానే నొక్కారు. కిందికి వచ్చాం. ఆలస్యం చేశారు. అలా ఎనిమిది సార్లు తిరిగాం. కూరల సంచులతో కింద నిలబడ్డవాళ్లు తలుపు తెరుచుకున్నప్పుడల్లా మమ్మల్ని చూసేవారు, నేల మీదున్న ట్రెజరరుగారిని చూసేవారు, మళ్లీ తలుపు మూసుకునేది. ఆయన్ను లేవమనాలని ఎవరికీ తోచలేదు. ఆయనా అడగలేదు.

తొమ్మిదోసారి దిండు ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. సెక్రెటరీగారు వెంటనే నొక్కారు. నేను పెట్టాను. అది ఆయన మొహంలోకి చూసి, మెల్లగా కూలబడి, నోరు మూసుకుంది. నాలుగు అంతస్తులూ నిశ్శబ్దంగా దిగాం. సెక్రెటరీగారి కళ్లు చెమర్చాయి. అబ్బాయి మాత్రం గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఇక సంతకమే మిగిలింది. కుక్క ఉండొచ్చని రిజిస్టరులో రాసి సంతకం పెడితేనే అది ఉన్నట్టు. ఆయన రిజిస్టరు తెరిచారు. పెన్ను ముల్లు లోపలికి పోయి ఉంది. రాయాలంటే నొక్కాలి. నా సంచి తిరగేశాను, పొడి కూడా రాలలేదు.

దిండు ఆయన బొటనవేలు వైపే చూస్తోంది.

"నొక్కకండి" అంది కోడలు. "ఇప్పుడు ఎగ్గొడితే మొత్తం పోతుంది."

నొక్కితే కుక్క చెడిపోతుంది, నొక్కకపోతే కుక్క వెళ్లిపోతుంది. వేరే పెన్ను ఎవరిదగ్గరైనా ఉందా అని అడగాలని అక్కడ ఒక్కరికీ తట్టలేదు. తట్టినా ఆయన ఒప్పుకునేవారు కాదు. నా కాళ్లు చల్లబడ్డాయి. ఆయన కాసేపు దాని కళ్లలోకి చూసి రిజిస్టరు మూశారు. ఎవరూ కదలొద్దని చెప్పి, లిఫ్టు కూడా ఎక్కకుండా మెట్లు పట్టుకున్నారు, ఐదు అంతస్తులు, ఆ మోకాళ్లతో. పైనెక్కడో తలుపు మూసుకోవడం వినిపించింది. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు.

పావుగంటకు దిగొచ్చారు, చొక్కా తడిసిపోయి. రిజిస్టరు తెరిచి చూపించారు. దిండు ఉండొచ్చు. కింద సంతకం, తేదీ.

తర్వాత జేబులోంచి బిస్కెట్ తీసి, వంగి, దానికి అందించారు.

"పైన ఒకసారి నొక్కాల్సి వచ్చింది పిన్నిగారూ" అన్నారు నాతో, గొంతు తగ్గించి. "దీనికి వినపడి ఉంటుందేమోనని."